మీరు అని పిలిచే మొగుడు

ఇర్మా సూప్ గిన్నె మూత తీసేలోపే బోగ్దాన్ అడిగాడు.

"ఏమండీ, మా ఆవిడ వచ్చిందా?"

"ఇంకా రాలేదు."

"పాఠాలు చెప్పే బడి ఇంకా వదిలి ఉండరు. మీరు కూర్చోండి, పాపం నిలబడే ఉన్నారు."

ఇర్మా కూర్చుంది. గిన్నెలో ఆవిరి పోయేదాకా గరిటెతో కలిపి, రుమాలు ఆయన మెడ కింద దోపింది. పదకొండేళ్ళ కాపురంలో ఆయన ఆమెను ఒక్కసారైనా 'మీరు' అని ఎరగడు. పెళ్ళికి ముందు కూడా, చేపల సంత పక్కనున్న ఆమె కొట్టుకి మొదటిసారి వచ్చి గసగసాలు పెట్టి చుట్టి కాల్చే స్ట్రుడ్ల ఒక ముక్క కొనుక్కున్ననాడే, "నువ్వే చేశావా?" అన్నాడు. అంత చనువేమిటని ఆవేళ ఆమెకి కోపం వచ్చింది కూడా.

"సూప్ బాగుందండీ. ఆసుపత్రిలో ఇంత బాగా చేస్తారనుకోలేదు."

"అవును. ఇక్కడ బాగానే చేస్తారు," అంది ఇర్మా. కోడిని పొద్దున్నే తెచ్చి, సన్న మంట మీద ఉడికించి, సేమ్యా తన చేత్తోనే తరిగింది ఆమె.

తలుపు దగ్గర జోళ్ళ మడమల చప్పుడు వినపడగానే బోగ్దాన్ చెంచా వదిలేశాడు. రుమాలు లాగి పారేసి, జుట్టు వెనక్కి దువ్వుకున్నాడు. ఇర్మా లేచి కుర్చీ ఖాళీ చేసింది. రోజూ అలాగే చేస్తోంది. ఎవరూ చెయ్యమనలేదు.

ఆయన మొదటి భార్య స్మిల్యా లోపలికి వచ్చి, కోటు మంచం కొసన వేసి, ఆయన నుదుటి మీద పెదవులు ఆనించింది. ఆమెకి జుట్టు బాగా నెరిసింది. బోగ్దాన్‌ని వదిలిపెట్టి, ఆయన పళ్ళు బాగుచేసే డాక్టరుతోనే వెళ్ళిపోయిననాటికి ఆ జుట్టు నల్లగానే ఉండేదట. ఆ వెళ్ళిపోవడం, ఆ తరవాత ఆయన ఒంటరిగా గడిపిన కాలం, ఇర్మాతో పెళ్ళి, అన్నీ మొన్నటి జ్వరంలో కొట్టుకుపోయాయి. మెదడుకి వాపు వచ్చింది. కళ్ళు తెరిచాక ఆయన అడిగిన మొదటి మాట స్మిల్యా. గొట్టాలు పీకేసి, తిండి మానేసి, ఆవిణ్ణి పిలవండని గోల పెట్టాడు. చివరికి స్మిల్యా ఇంటికి ఫోన్ చేసింది ఇర్మాయే.

"ఏం తిన్నావు?" అంది స్మిల్యా.

"ఏదో ఇచ్చారు. నీకోసమే చూస్తున్నా. చిక్కిపోయావే, పిల్లల పరీక్షలా?"

"ఆ. పరీక్షలే."

స్మిల్యా సంచిలోంచి బేరిపండు తీసి, చిన్న కత్తితో తొక్క తియ్యసాగింది. తొక్క తెగకుండా పొడుగ్గా దిగుతుంటే బోగ్దాన్ దాన్నే చూస్తున్నాడు. మొదటి ముక్క నోటికి అందించినప్పుడు ఆయన కావాలనే ఆమె వేలు కొరికాడు. "సిగ్గు లేదూ," అని స్మిల్యా నవ్వి, కిటికీ వైపు చూసింది. కిటికీ దగ్గర ఇర్మా ఉంది.

ఇర్మా సూప్ గిన్నెకి మూత బిగించింది. సగం సూప్ అలాగే ఉండిపోయింది.

అటుగా వచ్చిన నర్సు మందుల పళ్ళెం బల్ల మీద పెట్టి, ఇద్దరినీ చూసి, "ఇద్దరు పెళ్ళాల మనిషికి ఒక్క కుర్చీయా మా వాళ్ళు వేసింది? ఇంకోటి తెస్తానుండండి," అంది. నవ్వించాలనే అన్నది. స్మిల్యా నవ్వింది. ఇర్మా గిన్నె పట్టుకుని వరండాలోకి వచ్చేసింది.

*

డాక్టర్ తియానా గదిలో ఎప్పుడూ చలే. ఆవిడ భుజాలమీద శాలువా కప్పుకుని, రెండు చేతుల మధ్య టీ కప్పు పట్టుకుని మాట్లాడుతుంది. ముప్ఫై అయిదేళ్ళు దాటని మనిషి. బల్ల మీద ప్లాస్టిక్ మెదడు ఒకటి ఉంది, ముక్కలుగా ఊడదీసి మళ్ళీ బిగించేది.

"చాలాసార్లు అడుగుతున్నారు కదా, అన్నీ మాట్లాడతాడు, లెక్కలు చెబుతాడు, నేనే ఎందుకు తెలియను అని," అంది తియానా. "ఇలా దగ్గరికి జరగండి."

ముందువైపు ముక్క ఊడదీసి చూపించింది. "నుదుటి వెనకుండేది ఇది. ఏం చెయ్యాలో ముందే అనుకోవడం, నోటికొచ్చింది అనెయ్యకుండా ఆపుకోవడం దీని పని. ఈయనకి బాగానే ఉంది. అందుకే అంత మర్యాదగా మాట్లాడుతున్నారు."

"మర్యాదకేం తక్కువ లేదు," అంది ఇర్మా.

"ఇది నడినెత్తి కింద. చెయ్యి వేడి తగిలితే తెలియడం, కప్పు ఎంత దూరంలో ఉందో అంచనా కట్టడం. ఇది వెనక, చూపుకి. చూశారా, కళ్ళు ముందుంటే చూపు వెనకుంది. ఇవన్నీ బాగున్నాయి. ఇవి కణతల దగ్గరివి." ఆ ముక్క తియ్యగానే లోపల, మడిచిపెట్టిన చిటికెన వేలు లాంటిది కనిపించింది. "హిప్పోకాంపస్ అంటాం. కొత్తగా జరిగేవి ముందు ఇక్కడికే వస్తాయి. ఏళ్ళు గడిచిన కొద్దీ కొన్ని పైపొరల్లోకి వెళ్ళి పాతుకుపోతాయి. జ్వరం సరిగ్గా దీని మీద పడింది. రెండు పక్కలా."

"మరి నేనెక్కడున్నాను ఇందులో?"

తియానా జవాబు చెప్పడానికి ముందు టీ ఒక గుక్క తాగింది. "ఉండాల్సింది ఇక్కడే, ఎక్కువగా."

ఇర్మా ఆ ముక్కని అరచేతిలోకి తీసుకుంది. బరువు లేదు. లోపల బోలు. "ఆవిడో?"

"ఆవిడ పైపొరలంతా ఉంది. పాత జ్ఞాపకం కదా."

ఇర్మా బల్ల మీది ప్లాస్టిక్ మడతలను చూసింది. ఆ మడతలన్నిట్లోనూ స్మిల్యా కాళ్ళు చాపుకు కూర్చున్నట్టే అనిపించింది. ముక్కని తిరిగి పెట్టబోతే సరిగా కూర్చోలేదు. తియానా తీసుకుని సరిచేసింది.

"శుక్రవారం ఇంటికి పంపించెయ్యాలి ఆయన్ని. ఆ సంగతే మాట్లాడదామని. స్మిల్యా గారు ఒక మాట అన్నారు. ఆవిడ పెట్రోవరదిన్‌లో ఒక్కతే ఉంటోందట. ఆ డాక్టరు గారు పోయి చాలాకాలమైందట. ఆయన్ని తనింట్లో ఉంచుకుంటానంటోంది."

"ఉంచుకుంటుందా?"

"భార్య మీరు. మీరు కాదంటే జరగదు. కానీ ఆలోచించండి. రోజూ పొద్దున లేచేసరికి తెలియని ఇల్లు, తెలియని మనిషి. భయపడి వీధిలోకి వెళ్ళిపోయేవాళ్ళు ఉన్నారు."

"నేను తెలియని మనిషినా?"

"ఆయనకి," అంది తియానా మెల్లగా.

*

ఇర్మా తిరిగి వచ్చేసరికి స్మిల్యా లేదు, కాఫీ తెచ్చుకోవడానికి కిందికి వెళ్ళింది. బోగ్దాన్ దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మంచం మీద స్మిల్యా కోటు అలాగే ఉంది. ఆయన దాని కాలరు మీది బొచ్చును వేళ్ళతో నిమురుతున్నాడు.

"మీరు ఇక్కడే పనిచేస్తారా?" అన్నాడు.

"లేదు."

"రోజూ చూస్తున్నట్టుంది మిమ్మల్ని. మా ఆవిణ్ణి చూశారు కదా. నా జబ్బుతో జుట్టంతా నెరిసిపోయింది పాపం. లేవగానే సముద్రం దగ్గరికి తీసుకెళ్తాను. అలాంటి ఆడది ఇంకొకతె ఉండదండీ. నేను ఎక్కడెక్కడో పొలాలు కొలుస్తూ తిరిగి వస్తానా, ఎంత ఆలస్యమైనా మేలుకునే ఉంటుంది."

"నిన్ను వదిలేసి పోయింది ఆవిడ," అంది ఇర్మా.

ఆయన వేళ్ళు బొచ్చులో ఆగాయి.

"ఏమన్నారు?"

"నీ పళ్ళు బాగుచేసేవాడు ఉన్నాడే, వాడితో. నువ్వు పొలాలు కొలవడానికి ఊరెళ్ళినప్పుడు. తాళంచెవి పూలకుండీ కింద పెట్టి పోయింది. నువ్వే చెప్పావు నాకు. నువ్వు వెళ్ళి మీ అన్న ఇంట్లో సోఫా మీద పడుకున్నావు, చలికాలమంతా. ఆవిడ ఒక్కసారి కూడా రాలేదు. నేను నీ పెళ్ళాన్ని. నన్ను చూడు."

ఆయన ఆమెను చూడలేదు. కోటునే చూశాడు. తరవాత నోరు తెరిచి ఏడ్చాడు. అది మగవాడి ఏడుపులా లేదు. దుప్పటి మీద అరచేతులతో దేనికోసమో తడుముకుంటూ, "ఎప్పుడు?" అన్నాడు. "ఎప్పుడు వెళ్ళింది? ఇవాళా?"

ఇర్మా మంచం మీదికి వంగింది. "ఇవాళ కాదు. ఎప్పుడో. అయిపోయింది," అంది. ఆయన వినడంలేదు. ఇవాళా, ఇవాళేనా అని అడుగుతూనే ఉన్నాడు. ఆమె భుజం పట్టుకోబోతే తోసేశాడు. నర్సు పరుగెత్తుకొచ్చింది.

కాసేపటికి ఏడుపు దానంతటదే సన్నగిల్లింది. తడిసిన మొహం చేత్తో తుడుచుకుని, చేతిని చూసుకుని ఆశ్చర్యపోయాడు. గదిలో ఎవరెవరున్నారో చూశాడు.

"ఏమండీ, మా ఆవిడ వచ్చిందా?" అని నర్సుని అడిగాడు.

*

మర్నాడు పొద్దున ఇర్మా చెంచా అందిస్తే ఆయన తల వెనక్కి తీసుకున్నాడు.

"వద్దండీ."

"చల్లారింది. కాలదు."

"అది కాదు." చేతులు దుప్పటి కిందికి లాక్కున్నాడు. "ఏమనుకోకండి. మీరెవరో నాకు తెలియదు, మీరు నాకేం చెయ్యలేదు. కానీ మీరు దగ్గరికొస్తే ఎందుకో గుండె దడగా ఉంది. నర్సమ్మని పిలుస్తారా?"

ఇర్మా గిన్నె బల్లమీద పెట్టి బయటికి వచ్చింది. ఉతికిన దుప్పట్లు దొంతర్లు పెట్టిన మూల ఒకటుంది వరండాలో. అక్కడ నిలబడి ఒక దుప్పటి అంచు మడత సరిచేసింది, మళ్ళీ విప్పి మళ్ళీ సరిచేసింది. గదిలోకి స్మిల్యా వెళ్ళడం, ఆయన గొంతు తేలికపడటం, చెంచా గిన్నెకి తగులుతున్న చప్పుడు, అన్నీ వినిపించాయి. తను వండిన సూపే. ఆవిడ చేత్తో తాగుతున్నాడు.

అక్కణ్ణించి తిన్నగా తియానా గదికి వెళ్ళి, కూర్చోకుండానే చెప్పేసింది.

"నిన్న నేను చెప్పాను ఆయనకి. ఆవిడ వదిలేసిందని. కుళ్ళు ఆపుకోలేక చెప్పాను. మీరన్నారు కదా కొత్తవి ఏవీ నిలవవని. నిలవలేదు. కానీ నన్ను చూసి భయపడుతున్నాడు."

తియానా టీ కప్పు కింద పెట్టింది. తరవాత మెదడు బొమ్మ దగ్గరికి లాక్కుని, మడిచిన వేలు లాంటి దాని కొసన, బాదంగింజంత ముక్కని గోటితో చూపించింది.

"భయం ఇక్కడ పడుతుంది. ఆయనకి కుడివైపుది దెబ్బతింది. ఎడమవైపుది మిగిలింది. మీరన్న మాట చెరిగిపోయింది, ఆ మాట తగిలిన దెబ్బ చెరగలేదు. ఎందుకో తెలియకుండానే మీ నుంచి ఆయన దూరంగా జరుగుతాడు."

"ఎన్నాళ్ళు?"

"తెలియదు." కోపం దాచుకోవడానికి కాబోలు, తియానా శాలువా సర్దుకుంది. "ఇలా ఉండగా మీ ఇంటికి పంపడానికి నాకు ధైర్యం లేదు."

"అయితే ఆవిడతోనే పంపెయ్యండి," అంది ఇర్మా. అని, తలుపుదాకా వెళ్ళి, తలుపు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఇటు రాలేదు, అటు పోలేదు.

తియానా ఆమె వీపును కాసేపు చూసింది. "మీరిద్దరూ కలిసి చేసే పని ఏదైనా ఉండేదా?" అంది. "కబుర్లు కాదు. చేతుల పని. పదే పదే చేసింది."

"స్ట్రుడ్ల కొట్టు మాది. పిండి లాగడానికి ఇద్దరు కావాలి. నాతో ఆయనే లాగేవాడు, రోజూ."

"పెళ్ళికి ముందు ఆయనకి ఆ పని వచ్చా?"

"ఆయనకి టీ పెట్టుకోవడం కూడా రాదు అప్పటికి."

తియానా బొమ్మని వెనక్కి తిప్పింది. కిందివైపు, మెడ మొదలయ్యే చోట, గీతలు గీతలుగా ఉన్న ఉండ ఒకటి ఉంది. "చిన్నమెదడు. చేతులు నేర్చుకున్నవాటికి ఇదీ, ఇంకా లోపలివి కొన్నీ కావాలి. పేర్లు, మొహాలు వీటికి అక్కర్లేదు. జ్వరం ఇటువైపు రాలేదు." కొంచెం ఆగి, "నేను మాట ఇవ్వను. రేపు పిండి తీసుకురండి. కింద వంటగది ఉంది," అంది. "ఆవిణ్ణి కూడా ఉండమంటాను. ఆవిడ లేకపోతే ఆయన కిందికి రాడు."

*

ఆసుపత్రి కింది అంతస్తులో రోగులకి మళ్ళీ టీ పోసుకోవడం, గుండీలు పెట్టుకోవడం నేర్పే వంటగదిలో పెద్ద బల్ల ఉంది. ఇర్మా దాని మీద నీలం గళ్ళ నూలు గుడ్డ పరిచి పిండి జల్లింది. ఇంటి దగ్గరే గోరువెచ్చని నీళ్ళు, నూనె, రెండు చుక్కల వెనిగర్ వేసి ముద్ద కలిపి, బల్లకేసి కొట్టి కొట్టి మెత్తబరిచి, వేడి గిన్నె బోర్లించి నాననిచ్చి తెచ్చింది. ముద్దని గుడ్డ నడుమ పెట్టి, వేలితో నొక్కి చూసింది. నొక్కినచోటు మెల్లగా మళ్ళీ పైకి లేచింది.

బోగ్దాన్ చెప్పులీడ్చుకుంటూ వచ్చి, ఇర్మాని చూడగానే స్మిల్యాకి అవతలివైపు జరిగాడు. తియానా కిటికీ దగ్గర నిలబడింది. ఇర్మా ఎవరినీ పలకరించలేదు. ఎలా పలకరించినా తప్పే అవుతుందనిపించింది.

అప్పడాల కర్రతో ముద్దని పళ్ళెమంత చేసి, పైన నూనె రాసింది. రెండు చేతులూ కిందికి పోనిచ్చి, బొటనవేళ్ళు లోపలికి ముడుచుకుని, చేతుల వెనకవైపు మీద పిండిని ఎత్తి, తన వైపుకి లాగడం మొదలుపెట్టింది. బల్ల చుట్టూ ఒక్కో అడుగూ జరుగుతోంది. అవతల పట్టేవాళ్ళు లేక పిండి ఒకవైపే సాగుతోంది. ఆమె వైపు కాగితంలా పలచబడితే, అటువైపు దుప్పటిలా మందంగా ఉండిపోయింది.

"ఎందుకు పిలిచారు మమ్మల్ని, ఇది చూడ్డానికా?" అని స్మిల్యా మెల్లగా డాక్టర్ని అడిగింది. తియానా వేలు పెదవుల మీద పెట్టుకుంది.

బోగ్దాన్ పిండిని చూస్తున్నాడు. దాని మందం వైపు చూస్తున్నాడు. ఏదో ఇబ్బందిగా ఉన్నట్టు భుజం కదిలించాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాడు. మణికట్టుకి ఆసుపత్రివాళ్ళు కట్టిన పట్టీ అడ్డంగా ఉంటే లాగి చూశాడు, రాకపోతే దాన్నే మోచేతి వైపుకి తోసుకున్నాడు. గుడ్డ మీది పొడిపిండి తీసి చేతుల వెనకవైపు రుద్దుకున్నాడు. అప్పుడు స్మిల్యా పక్కనుంచి కదిలి, బల్లకి అవతల, సరిగ్గా ఇర్మాకి ఎదురుగా వచ్చి నిలబడి, పిండి కిందికి చేతులు పోనిచ్చాడు. బొటనవేళ్ళు లోపలికి ముడిచాడు.

ఇర్మా తల ఎత్తలేదు. అడుగు జరిపింది. ఆయనా జరిపాడు.

ఒక చుట్టు తిరిగారు. పిండి గుండ్రంగా విప్పారుతోంది. ఆమె లాగినప్పుడు ఆయన పట్టు సడలిస్తున్నాడు, ఆయన లాగినప్పుడు ఆమె. ఇద్దరి చేతుల కిందా గాలి దూరి పిండి చిన్నగా ఊపిరి పీలుస్తున్నట్టు లేస్తోంది.

"ఆ మూల ఇంకా మందంగా ఉంది," అన్నాడు బోగ్దాన్. "నీ వైపుకి లాగు."

ఇర్మా ఆ మూల అందుకుంది. నీ వైపుకి.

"నెమ్మదే. ఎక్కడికి తొందర నీకు? చిరుగుద్ది."

"తొందరేం లేదు," అంది ఇర్మా.

గుడ్డ మీది నీలం గళ్ళు పిండిలోంచి కనిపించసాగాయి. స్మిల్యా బల్ల దగ్గరికి వచ్చింది. "బోగ్దాన్, ఇది నువ్వెప్పుడు నేర్చుకున్నావు?"

"నేర్చుకోవడమేమిటి? ఇది..." అని ఆయన తన చేతుల్ని చూసుకున్నాడు. చేతులు ఆగకుండా పోతూనే ఉన్నాయి.

"నేను కూడా పట్టుకుంటా," అని స్మిల్యా ఆయన పక్కన దూరి అంచు అందుకుంది. ఉంగరం తగిలిన చోట పిండి అరచేతంత చిరిగింది.

"అబ్బ. పక్కకి జరుగు స్మిల్యా, మేం చేస్తాం," అన్నాడాయన, కోపమేమీ లేకుండానే, పని మధ్యలో అడ్డొచ్చిన మనిషితో అన్నట్టు.

స్మిల్యా నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళి నిలబడింది. కొళాయి తిప్పి, చేతులు కడుక్కుని, తుడుచుకోకుండా అలాగే ఉండిపోయింది.

బోగ్దాన్ చిరుగు రెండంచులనీ వేళ్ళతో చేర్చి నొక్కాడు. వేలాడే మందపు అంచుని కత్తితో చుట్టూ కోసి, ముద్దచేసి, చూడకుండానే ఇర్మా ఎడమచేతి దగ్గరున్న గిన్నెలోకి విసిరాడు. ఆమె నూరిన గసగసాలు, పంచదార, తరిగిన నిమ్మతొక్క జల్లింది. గుడ్డ కొసలు చెరొకటి పట్టుకుని ఎత్తారు. స్ట్రుడ్ల దానంతటదే చుట్టుకుంటూ బల్ల చివరిదాకా దొర్లింది.

పొయ్యి తలుపు మూశాక ఆయన స్టూలు మీద కూలబడి, ముంజేత్తో చెమట తుడుచుకున్నాడు. ఎదురుగా ఉన్న ఆడమనిషిని మర్యాదగా చూశాడు.

"బాగా చేస్తారండీ మీరు," అన్నాడు. "ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

*

స్మిల్యా వరండాలో కోటు తొడుక్కోవడానికి అవస్థ పడుతోంది. ఒక చెయ్యి దూర్చింది కానీ రెండో చేతికి కోటు చెయ్యి దొరకడంలేదు. ఇర్మా వెనకనుంచి వచ్చి కోటు పట్టుకుంది.

"పందొమ్మిదేళ్ళు," అంది స్మిల్యా తిరక్కుండానే. "నా వంటింట్లోకి మంచినీళ్ళకి తప్ప వచ్చి ఎరగడు. నేను ఒక్కదాన్నే అన్నీ చేసుకుని, బడికి పోయి, మళ్ళీ వచ్చి చేసేదాన్ని. నీతో చూడు, ఎంత అందంగా... కుళ్ళుగా ఉంది నాకు. నవ్వుకో నువ్వు."

"నాకు నిన్ను మొదటిరోజు చూసినప్పటినుంచీ అదే కదా."

"తెలుసులే. కిటికీ దగ్గర నిలబడి నా బేరిపండు వైపు చూసేదానివిగా, కత్తి లాక్కుని పొడుస్తావేమో అనుకునేదాన్ని."

ఇద్దరూ నవ్వలేదు కానీ నవ్వొచ్చే పరిస్థితి దాకా వచ్చారు. స్మిల్యా గుండీలు పెట్టుకుంది.

"మొన్న నువ్వు చెప్పింది విన్నాను. కాఫీతో తలుపు బయటే ఉన్నా."

ఇర్మా ఒక అడుగు వెనక్కి వేసింది. "డాక్టర్‌తో చెప్పొచ్చుగా. అప్పుడే నీకు ఇచ్చేసేవాళ్ళు."

"చెప్పాలనే అనుకున్నా. కానీ ఆయన ఇవాళా, ఇవాళా అని అడుగుతుంటే నాకు లోపలికి అడుగు పడలేదు." స్మిల్యా కోటు కాలరు సర్దుకుంది. "ఆయనకి సేవ చెయ్యడానికి వచ్చానని చెప్పుకున్నా. అది కాదు. నన్ను చూస్తే ఎట్లా చూస్తాడో చూశావు కదా. నేనింకా ఏ తప్పూ చెయ్యనట్టు చూస్తాడు. ఈ వయసులో అట్లా చూసేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు నాకు? దానికోసం వచ్చాను. ఇంటికి తీసుకుపోయి రోజూ చూపించుకుందామనుకున్నా."

మెట్ల మీదినుంచి నర్సులెవరో మాట్లాడుకుంటూ దిగి వెళ్ళారు. వాళ్ళు పోయేదాకా ఇద్దరూ గోడవారగా ఉన్నారు.

"తీసుకుపో," అంది స్మిల్యా. "నీవాడు."

ఇర్మాకి సంతోషం కలగాల్సిన చోట అలసట కలిగింది. ఈ మనిషి మీద కోపం కోసం లోపల వెతికితే కొంచెం దొరికింది, కానీ పనికొచ్చేటంత లేదు. "ఆదివారాలు రా," అంది చివరికి. "ఆయన అడుగుతూనే ఉంటాడు. అడిగినప్పుడల్లా బడికి వెళ్ళిందంటాను. ఒక్కరోజైనా బడి నుంచి రావాలి కదా నువ్వు."

స్మిల్యా తల ఊపి, మెట్లు దిగింది. ఎప్పటిలా మడమల చప్పుడు కాలేదు.

*

తియానా ఒప్పుకుని ఇంటికి పంపిన మర్నాడు, శనివారం పొద్దున, బోగ్దాన్ లేచి, పక్క మీద కూర్చుని, గది నాలుగు గోడలూ చూశాడు. ఎవరిల్లని అడిగాడు. ఇర్మా తలుపు దగ్గరే నిలబడి, దగ్గరికి రాకుండా, "స్ట్రుడ్ల కొట్టు వెనక గది ఇది. మీకు బట్టలు అక్కడ పెట్టాను," అంది. ఆయన అనుమానంగా చూశాడు. స్మిల్యా ఏదన్నాడు. బడికి వెళ్ళిందంది. ఇవాళ శనివారం కదా అన్నాడు. పిల్లల్ని ఎక్కడికో తీసుకెళ్ళిందని ఇర్మా చెప్పింది. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని ఆమెకి అంతకుముందు తెలియదు.

ఆయన కాఫీ తాగడానికి ఒప్పుకోలేదు. కోటు వేసుకుని వీధి తలుపు దాకా వెళ్ళాడు. ఇర్మా ఆపలేదు. ఆపితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. చేతులు కడుక్కుని, బల్ల మీద గుడ్డ పరిచి, గిన్నె కిందినుంచి పిండిముద్ద తీసి కర్రతో వత్తసాగింది. వీధిలో చేపలవాళ్ళు తట్టలు దించుతున్న చప్పుడు వస్తోంది. తలుపు గడియ తీసిన చప్పుడు కోసం ఆమె వింటోంది. నూనె రాసింది. చేతులు పిండి కిందికి పోనిచ్చింది.

గడియ చప్పుడు రాలేదు. కోటు కుర్చీ మీద పడ్డ చప్పుడు వచ్చింది.

ఆయన ఎదురుగా నిలబడి పొడిపిండి చేతులకి రుద్దుకున్నాడు. ఒక చుట్టు తిరిగాక ఆయన భుజాలు కిందికి దిగాయి. రెండో చుట్టులో ఆమె పక్కనుంచి వెళ్ళాల్సి వస్తే వెనక్కి జరగలేదు.

"ఒక్కరే చూసుకుంటున్నారా కొట్టు?" అన్నాడు.

"లేదు. మా ఆయన ఉన్నాడు."

"ఓహో. సాయం చేస్తాడా?"

"చేస్తాడు. నాతో పిండి లాగేది ఆయనే. రోజూ."

బోగ్దాన్ లాగే వేగం పెరిగింది. ఆయన వైపు పిండి గబగబా పలచబడి, కింది గళ్ళు స్పష్టమవుతున్నాయి. ఇర్మా ఆ వేగాన్ని అందుకోవడానికి పెద్ద అడుగులు వెయ్యాల్సి వచ్చింది.

"బాగా లాగుతాడా?"

"బాగానే లాగుతాడు."

"చిరగకుండానే?"

"ఎప్పుడైనా చిరుగుతుంది. అతుకుతాడు."

బల్ల అవతల చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ సాగాయి. "నాకన్నా బాగా లాగుతాడా?" అన్నాడు.

ఇర్మా తల ఎత్తి చూసింది. ఆయన దవడ బిగుసుకుని ఉంది. కళ్ళు పిండి మీదే ఉన్నాయి కానీ పిండిని చూడటం లేదు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ మొహం ఆమె బాగా ఎరుగును. ఆసుపత్రి కిటికీ అద్దంలో, గది లోపలికి చూస్తూ నిలబడినప్పుడు, రోజూ తనకి కనపడిన మొహమే అది.

"లేదు," అంది. "మీ అంత బాగా లాగలేడు."

ఆయన సంతోషాన్ని దాచుకోవడానికి పిండి అంచు వైపు వంగాడు. అక్కడేమీ మందంగా లేకపోయినా వేళ్ళతో సరిచేశాడు.

"అయితే రేపు ఆయన్ని రావద్దని చెప్పండి," అన్నాడు. "నేనే వస్తాను."